ఫోన్‌లో రాస్తారు, నోరు మాత్రం విప్పరు

ప్రకాశం జిల్లాలోని ఒక డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పే గెస్ట్ లెక్చరర్ ఒకరు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. తన పేరు, కాలేజీ పేరు బయట పెట్టొద్దన్నారు. సారాంశం ఇది.

ఆవిడ క్లాసులో యాభై మంది పైనే. ఎక్కువమంది ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్ళు. పీపీటీ వేసి ఎంత వివరంగా చెప్పినా, చివర్లో "ఎనీ డౌట్స్?" అంటే ముందు బెంచీలో ఇద్దరు ముగ్గురు తల అడ్డంగా ఊపుతారు. మిగతావాళ్ళు నోట్సులోకి తలలు దించేస్తారు. ఇంటర్నల్ మార్కుల కోసం పిల్లలు ఇచ్చే సెమినార్లు ఇంకా అన్యాయం. ఒకరు స్లైడ్ మీద ఉన్నది ఉన్నట్టు చదివేస్తారు. వినేవాళ్ళు తమ వంతు ఎప్పుడొస్తుందో లెక్క చూసుకుంటారు. అయిపోగానే చప్పట్లు.

ఫోన్‌లో రాసిన జవాబులను వెంటనే తెర మీద చూపించే మెంటిమీటర్ గురించి ఒక ఆన్‌లైన్ ట్రైనింగ్‌లో విని, ఆవిడ పిల్లలను ఫోన్లు తీయమన్నారు. "మీ ఊళ్ళో ఈమధ్య ధర పెరిగిన వస్తువేది?" అని అడిగితే తెర నిండా మాటలే. మినప్పప్పు, కోడిగుడ్లు, పురుగుమందు, పచ్చిమిర్చి. "ఏడాదంతా ఒక్క మాట మాట్లాడని పిల్లలు కూడా రాశారండీ. ఆ రోజు ఇంటికి వెళ్ళేదాకా నాకు నవ్వు ఆగలేదు" అని రాశారు. ఆ ఊపులో ప్రతి సెమినార్‌కూ అదే పెట్టారు. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్ళు పేరు లేకుండా ప్రశ్నలు, అభిప్రాయాలు రాస్తారు. అవి వెనకాల తెర మీద పడుతూ ఉంటాయి.

ఒక రోజు ఒక అమ్మాయి డిమాండ్ వ్యాకోచత్వం (ధర మారితే కొనుగోలు ఎంత మారుతుందన్న లెక్క) మీద సెమినార్ ఇస్తోంది. ఆమె శరీరం గురించి ఒక వెకిలి మాట తెర మీద పడింది. తెలుగు మాటే, ఇంగ్లీషు అక్షరాల్లో రాశారు. బూతులు ఆపే ఫిల్టరు ఆన్‌లోనే ఉంది గానీ దాన్ని పట్టుకోలేదు. వెనక బెంచీల్లో నవ్వులు. అమ్మాయి వెనక్కి తిరిగి చూసి, సగంలో ఆపేసి వెళ్ళి కూర్చుంది. అప్పటినుంచి కాలేజీకి సరిగ్గా రావడం లేదు. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. రాసిందెవరో ఇప్పటికీ తెలియదు.

"ఫోన్లు తెప్పిస్తే ఇంతే, రేపటినుంచి బంద్" అన్నారు డిపార్ట్‌మెంట్ హెడ్ (హెచ్‌ఓడీ). "న్యాక్ టీమ్ వచ్చే టైమ్, ఐసీటీ వాడుతున్నట్టు ఫోటోలు కావాలి, ఆపొద్దు" అన్నారు ప్రిన్సిపాల్. న్యాక్ అంటే కాలేజీల నాణ్యతను చూసి గుర్తింపు ఇచ్చే సంస్థ, ఐసీటీ అంటే పాఠానికి కంప్యూటర్, ఫోన్ లాంటివి వాడటం. "మేడమ్, కహూట్ పెట్టండి" అంటున్నారు పిల్లలు, అది ఫోన్‌లో పోటీగా ఆడే క్విజ్. స్మార్ట్‌ఫోన్ లేని కొందరు పక్కవాళ్ళ ఫోన్‌లోకి తొంగి చూస్తూ కూర్చుంటున్నారు. "ఇదంతా ఆపేయాలా? ఆపితే మళ్ళీ ఆ మౌనమే. కొనసాగిస్తే మళ్ళీ అలాంటిది జరిగితే? అయినా తెర మీద రాసినవాళ్ళు ఒక్కరోజూ నోరు విప్పలేదు కదా, నేను సాధించిందేమిటి? సిలబస్ పూర్తి చేసుకుని ఊరుకుంటే పోదా?" అని అడిగారు.

సమాధానం

ముందు ఆ అమ్మాయి సంగతి చూద్దామండీ. తతిమ్మావి ఒక వారం ఆగినా నష్టం లేదు, అది ఆగదు.

ఆమె ఫోన్ ఎత్తకపోతే ఇంటికి మాత్రం చేయకండి. "మీ అమ్మాయి గురించి క్లాసులో ఎవరో ఏదో రాశారట" అన్న మాట ఇంట్లో తెలిస్తే, చాలా ఇళ్ళలో ముందు ఆగేది అమ్మాయి చదువే. ఆమెతో కలిసి బస్సులో వచ్చే స్నేహితురాలి చేత కబురు పంపండి. "మేడమ్ ఒకసారి మాట్లాడాలన్నారు, ఎవరూ ఉండరు" అంటే చాలు. కలిసినప్పుడు ఆమెకు మూడు సంగతులు తెలియాలి. జరిగినదాంట్లో ఆమె తప్పు ఇసుమంత కూడా లేదన్నది ఒకటి. సెమినార్ మార్కులు పోవన్నది రెండోది. మిగిలిన సగం సెమినార్ మీ గదిలో చెబుతుందో, రాసి ఇస్తుందో, అదే క్లాసులో మళ్ళీ నిలబడతానంటుందో ఆమె ఇష్టం. మూడోది, ఆమెకు ఫిర్యాదు చేసే దారి ఉంది. 2015లో యూజీసీ తెచ్చిన నిబంధనల ప్రకారం ప్రతి కాలేజీలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. శరీరం మీద అందరి ముందు వేసిన ఇలాంటి మాట దాని పరిధిలోకే వస్తుంది. ఘటన జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి. తగిన కారణం ఉంటే ఇంకో మూడు నెలలు పొడిగించే వీలుంది.

ఈ దారి ఉందని చెప్పడం మీ బాధ్యత. అందులోకి వెళ్ళాలా వద్దా అన్నది ఆమె తేల్చుకోవాలి. ఫిర్యాదు ఇస్తే విచారణ జరుగుతుంది, రాసినవాడు దొరకవచ్చు, దొరక్కపోవచ్చు. నాలుగు నోళ్ళలో ఆమె పేరు మళ్ళీ నలుగుతుంది కూడా. ఇవ్వకపోతే, రాసినవాడు ఇదేమంత విషయం కాదనుకుంటాడు. ఏది ఎంచుకున్నా తనకు పడే బరువేమిటో ఆమెకు ముందే తెలియాలి. మీరు గెస్ట్ లెక్చరర్ కాబట్టి ఈ పని ఒంటరిగా నెత్తిన వేసుకోకండి. ఆ కమిటీలో ఉన్న సీనియర్ మేడమ్ ఎవరితోనైనా, అమ్మాయి పేరు చెప్పకుండానే ముందు మాట్లాడి పెట్టండి.

క్లాసు సంగతి వేరు. "రాసిందెవరో చెప్పకపోతే అందరికీ ఇంటర్నల్స్ కట్" అనాలని మీకు అనిపించి ఉంటుంది, ఉత్తరంలో ఆ కోపం కనిపిస్తోంది. అలా అంటే కోపం రాసినవాడి మీదికి వెళ్ళదు, "దీనివల్లే మనకు మార్కులు పోయాయి" అని ఆ అమ్మాయి మీదికే మళ్ళుతుంది. అలాగని ఏమీ జరగనట్టు ఊరుకుంటే మిగతా ఆడపిల్లలకు అర్థమయ్యేది ఇంకోటి. ఆ అమ్మాయి లేని రోజు చూసి, ఆమె పేరెత్తకుండా, రెండు నిమిషాల్లో చెప్పెయ్యండి: "ఆ రోజు తెర మీద వచ్చింది జోకు కాదు. నేనది మర్చిపోలేదు. ఇకనుంచి తెర మీదికి ఏదొచ్చినా నేను చూశాకే వస్తుంది." అంతే. ఉపన్యాసం అక్కర్లేదు, పాఠంలోకి వెళ్ళిపోండి.

ఇక పేరు లేకుండా రాయించడం గురించి. దీన్ని పూర్తిగా తప్పుపట్టలేను. మీ పిల్లలు భయపడేది మీకు కాదు. నోరు తెరిస్తే ఇంగ్లీషు తప్పు దొర్లుతుందని, వెనక బెంచీ నవ్వుతుందని, "పెద్ద చదువుకున్నది బయల్దేరింది" అంటారని భయం. అంటే వాళ్ళకు చాటు కావాల్సింది తోటివాళ్ళ నుంచి. మీరు వాడిన పద్ధతిలో పేరు తోటివాళ్ళకూ తెలియలేదు, మీకూ తెలియలేదు. సిగ్గుపడే పిల్లకు దొరికిన చాటే ఆకతాయికీ దొరికింది. కాబట్టి పేరు మీకు తెలియాలి, క్లాసుకు తెలియకూడదు. ఇకముందు ఏ టూల్ వాడాలన్నా ఈ ఒక్క లెక్కతో చూసుకోండి. చాలావరకు చిక్కు అక్కడే విడిపోతుంది.

వాట్సాప్ గ్రూపులో పోల్ పెడదామనుకుంటే, మామూలుగా ఎవరు దేనికి ఓటేశారో గ్రూపంతా చూడొచ్చు. మీకు కావాల్సిన దానికి అది పూర్తిగా తిరగేసిన పద్ధతి. గూగుల్ ఫామ్‌లో రోల్ నంబరుతో రాయిస్తే జవాబులు మీ లాప్‌టాప్‌కే వస్తాయి. అందులో మంచివి నాలుగు ఏరి, పేర్లు లేకుండా మీరే చదివి వినిపించవచ్చు. ఫోన్ నంబర్లు మాత్రం అడగకండి. ఫస్ట్ ఇయర్‌లో పద్దెనిమిది నిండనివాళ్ళు కూడా ఉంటారు. వాళ్ళ వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలని 2023 డేటా రక్షణ చట్టం అంటోంది. అందుకే పిల్లలు సొంత ఖాతా తెరవాల్సిన అవసరం లేని టూల్సే మేలు. ఇంకో మాట. రోల్ నంబరు మీకు తెలుస్తుందని వాళ్ళకు ముందే చెప్పండి. పేరు తెలియదని నమ్మించి వెనకనుంచి చూస్తే ఒక్కసారి పట్టుబడినా మళ్ళీ ఒక్కరూ మనసులో మాట రాయరు.

దీనివల్ల పోయేది కూడా ఉంది. తాను రాసిన మాట క్షణంలో తెర మీద పడటంలో ఒక సరదా ఉంటుంది. మినప్పప్పు రోజు మీ క్లాసు అందుకే వెలిగింది. దాన్ని పూర్తిగా వదులుకోలేకపోతే మెంటిమీటర్‌నే ఉంచుకోండి. కానీ తెర ముందు ఎవరో ఒక విద్యార్థి నిలబడి ఉన్నప్పుడు వద్దు. మీరు నిలబడినప్పుడే, అదీ ఒక్క మాటతో తేలే ప్రశ్నకే. లాప్‌టాప్‌లో విండోస్ కీ, పి కలిపి నొక్కితే ఎక్స్‌టెండ్ అని వస్తుంది. అది ఎంచుకుంటే మీ తెర వేరు, ప్రొజెక్టర్ తెర వేరు అవుతాయి. వచ్చిన మాటలు ముందు మీ తెర మీద చూసుకుని, బాగున్నాయనుకుంటే అప్పుడు అటు జరపొచ్చు. ఆ పది సెకన్ల ఆలస్యానికి ఎవరూ ఏమీ అనుకోరు. పాఠం ఎలా చెబుతున్నారన్న అభిప్రాయం అడిగేటప్పుడు మాత్రం పేరు లేకుండానే అడగండి, అదీ తెర మీద చూపించకుండా. మీకు పేరు తెలుస్తుందంటే "బాగా చెప్తారు మేడమ్" తప్ప ఇంకేం రాయరు.

ఫోన్లే వద్దన్న హెచ్‌ఓడీకి, ఫోన్ లేని పిల్లలకు, రెండింటికీ పనికొచ్చేది ప్లికర్స్ అనే యాప్. దీనికి పిల్లల దగ్గర ఏమీ ఉండక్కర్లేదు. ప్లికర్స్ వెబ్‌సైట్ నుంచి కార్డులు దించుకుని ప్రింటు తీసుకోవచ్చు. 40 కార్డుల సెట్టు, 63 కార్డుల సెట్టు ఉంటాయి. మీకు రెండోది కావాలి. ప్రతి కార్డు మీదా నల్లటి గళ్ళ బొమ్మ ఒకటి ఉంటుంది, ఏ రెండూ ఒకలా ఉండవు. బొమ్మకు నాలుగు పక్కలా ఎ, బి, సి, డి అని సన్నటి అక్షరాలు. ఏది జవాబనుకుంటే ఆ అక్షరం పైకి వచ్చేలా తిప్పి పట్టుకోవాలి. మీరు మీ ఫోన్ కెమెరాను గదంతా ఒకసారి తిప్పితే, ఏ కార్డు ఏం చెప్పిందో నమోదవుతుంది. అక్షరాలు పక్కవాడికి అంత తేలిగ్గా కనపడవు, బొమ్మ చూసి కాపీ కొడదామన్నా కుదరదు. మీకు మాత్రం ఎవరేం అన్నారో తెలుస్తుంది. సరిగ్గా మనకు కావాల్సింది అదే.

కార్డులు మందపాటి కాగితం మీద తీయించండి. లామినేషన్ చేయిస్తే ట్యూబ్‌లైట్ మెరుపు పడి కెమెరా చదవలేకపోవచ్చు. వేళ్ళు బొమ్మను కప్పకూడదని మొదటి రోజే చెప్పాలి. నెట్ మీ ఒక్క ఫోన్‌కీ, లాప్‌టాప్‌కీ ఉంటే చాలు. ఇందులో సొంత మాటలు రాసే వీలుండదు, నాలుగింటిలో ఒకటి ఎంచుకోవడమే. ఉచిత ఖాతాకు పరిమితులు కూడా ఉంటాయి. వారానికి రెండు మూడు ప్రశ్నలకు సరిపోతుంది.

అదీ వద్దనుకుంటే తెల్లకాగితం నాలుగు ముక్కలు చేసి, ఎ, బి, సి, డి రాసి, మీరు "ఊఁ" అనగానే అందరూ ఒకేసారి గుండెకు ఆనించి పట్టుకోమనండి. ఖర్చు లేదు, కరెంటు పోయినా జరుగుతుంది. పక్కచూపులు చూస్తారు, అది ఒప్పుకోవాల్సిందే.

పిల్లలు అడుగుతున్న కహూట్ గురించి నా అభిప్రాయం కొంచెం కటువుగా ఉంటుంది. తొందరగా నొక్కినవాళ్ళకు అందులో ఎక్కువ పాయింట్లు. మీ ముందు బెంచీ ముగ్గురే ప్రతిసారీ తెర మీద కనిపిస్తారు, ప్రశ్నను ఇంకా తెలుగులోకి మార్చుకుంటున్న పిల్ల మళ్ళీ వెనకబడుతుంది. సెమిస్టర్ చివర సరదాకి పెట్టండి, కాదనను. పెట్టినప్పుడు టైమ్ పెంచి, పాయింట్లు తీసేసి, మారుపేర్లు దాని చేతే ఇప్పించండి. లేకపోతే హీరోల పేర్లతో మొదలై ఎక్కడికి పోతుందో మీకు తెలుసు.

ఇక మీ అసలు బాధ. తెర మీద రాసినవాళ్ళు నోరెందుకు విప్పలేదు? మీరు రాయించి, తెర చూసి, ఆనందపడి, తర్వాతి స్లైడ్‌కు వెళ్ళిపోయారు కాబట్టి అని నా అనుమానం. రాసిన మాట మీద వాళ్ళు మాట్లాడాల్సిన అవసరమే రాలేదు.

హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1991లో ఒక పద్ధతి మొదలుపెట్టారు. ఆలోచింపజేసే ప్రశ్న ఒకటి ఇస్తారు. ఎవరికి వాళ్ళు జవాబు ఎంచుకుంటారు. సరైన జవాబు ఎవరూ చెప్పరు. వేరే జవాబు ఎంచుకున్న పక్కవాళ్ళతో రెండు నిమిషాలు వాదించమంటారు. మళ్ళీ ఓటు. మొదటి ఓటులో సుమారు 30 నుంచి 70 శాతం మంది సరిగ్గా చెప్పినప్పుడు ఈ వాదన బాగా పండుతుంది. అంతకంటే తక్కువైతే పాఠం మళ్ళీ చెప్పాలి, ఎక్కువైతే ఒక మాట చెప్పి ముందుకు పోవచ్చు. జవాబు నొక్కే చిన్న రిమోట్లు (ఎలక్ట్రానిక్ క్లిక్కర్లు) తర్వాత వచ్చాయి గానీ, మొదట్లో ఇది అట్టముక్కలతో, చేతులెత్తించి నడిచిన పద్ధతే.

మీ పాఠంలోనే ఒకటి చూద్దాం, ఏ ధరకు ఎంత కొంటారో చూపే గీత, అంటే డిమాండ్ రేఖ మీద. "టమాటా ధర పెరిగింది. మిగతావేవీ మారలేదు. టమాటా డిమాండ్ రేఖ ఏమవుతుంది? ఎ) ఎడమకు జరుగుతుంది. బి) కుడికి జరుగుతుంది. సి) ఉన్నచోటే ఉంటుంది. డి) నిట్టనిలువుగా మారుతుంది." సగం క్లాసు ఎ అంటుంది చూడండి. ధర పెరిగితే తక్కువ కొంటాం, తక్కువంటే ఎడమ అని వాళ్ళ లెక్క. జవాబు సి. ధర ఆ బొమ్మలో ఒక అక్షం మీదే ఉంది కాబట్టి మనం రేఖ వెంబడే పైకి జరుగుతాం, రేఖ కదలదు. ఇది మీరు చెప్పేస్తే అరనిమిషం. చెప్పకుండా "పక్కవాళ్ళతో తేల్చుకోండి" అనండి. 2023 జూలైలో కిలో వంద దాటినప్పుడు ఇంట్లో పప్పులో ఏం వేశారో ఎవరో ఒకరు గుర్తు చేస్తారు. చింతపండు! అప్పుడు "మరి చింతపండు డిమాండ్ రేఖ ఏమైనట్టు?" అని మీరు రెండో ప్రశ్న వెయ్యొచ్చు. అది కుడికి జరుగుతుంది. రేఖ మీద జరగడానికీ, రేఖే జరగడానికీ తేడా అక్కడ వాళ్ళ నోటితోనే వస్తుంది. యాభై మంది ముందు మాట్లాడలేని పిల్ల పక్కనున్న పిల్లతో మాట్లాడగలదు. రెండో ఓటు అయ్యాక "మీ ఇద్దరూ ఏమనుకున్నారు?" అని అడిగితే, తన ఒక్కదాని మాట కాదు కాబట్టి చెప్పడం తేలిక. నోరు విప్పడానికి దారి అదండీ. ఫోన్ అయినా, కార్డు అయినా వాళ్ళను అక్కడిదాకా తెస్తుంది, అంతే.

ఈ వాదన తెలుగులో సాగనివ్వండి. 2021-22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియం అయింది. పరీక్ష ఇంగ్లీషులోనే రాయాలి, నిజమే. ఆలోచన కూడా ఇంగ్లీషులోనే రావాలంటే క్లాసు మూగబోతుంది. తెలుగులో తేలిన జవాబును చివర్లో మీరు బోర్డు మీద ఇంగ్లీషులో రెండు వాక్యాలు రాయండి, పరీక్షకు అవే పనికొస్తాయి. అలాగే ప్రశ్న అడిగాక ఆగండి. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970లలో గమనించింది ఏమిటంటే, టీచర్లు ప్రశ్న అడిగాక సుమారు ఒక్క సెకనే ఆగుతారని. మూడు సెకన్లు, ఆపైన ఆగినచోట ఎక్కువమంది మాట్లాడారు, జవాబులూ పెద్దవయ్యాయి. మీ పిల్లలకు ఇంకాస్త కావాలి. "ఎనీ డౌట్స్?" అన్నది మాత్రం మానెయ్యండి. డౌట్ ఉందంటే అర్థం కాలేదని అందరి ముందూ ఒప్పుకున్నట్టే కదా.

సెమినార్లకు ఇదే వర్తిస్తుంది. సెమినార్ ఇచ్చేవాళ్ళు ముందురోజే మీకు ఒక ప్రశ్న, నాలుగు జవాబులు పంపాలని పెట్టండి. సగం స్లైడ్లు అయ్యాక వాళ్ళే ఆ ప్రశ్న అడుగుతారు. ఓట్లు మీరు తీస్తారు. ఎక్కువమంది తప్పు చెబితే ఎందుకు తప్పో వివరించాల్సింది వాళ్ళే. స్లైడ్ చదివేస్తే నడవదని అప్పుడు తెలుస్తుంది. వినేవాళ్ళు అడిగే ప్రశ్నకు ఒక మార్కు పెట్టొచ్చు. పెడితే ప్రశ్నలొస్తాయి, చాట్‌జీపీటీ రాసిచ్చినవి కూడా వస్తాయి. పెట్టకపోతే తక్కువ వస్తాయి, వచ్చినవి సొంతవి. నేనైతే చీటీ మీద చేత్తో రాయించి, అందులో రెండు మీరే ఏరి, "ఇదెవరు రాశారు" అనకుండా అడిగే పద్ధతికి మొగ్గుతాను.

ప్రిన్సిపాల్ ఒకటి, హెచ్‌ఓడీ ఒకటి అంటున్నారు. ఇద్దరివీ నోటిమాటలే. రేపు ఏదైనా జరిగితే నలిగేది మీరు, రెన్యువల్ కావాల్సింది మీకే. ఒక పేజీ నోట్ రాసి ఇద్దరికీ ఇవ్వండి. కార్డులు వాడతాను, ఫోన్లు ఫలానా రోజు పది నిమిషాలే, మిగతా టైమంతా బ్యాగుల్లో, తెర మీదికి ఏదైనా నేను చూశాకే అని. ఎవరైనా కాదంటే రాతలో కాదంటారు, మీకు కార్డులు ఎలాగూ ఉన్నాయి. ఫోటోల కోసం క్లాసును నటింపజేయాల్సిన పని లేదు. న్యాక్‌లో విద్యార్థుల భాగస్వామ్యంతో బోధన గురించి, ఐసీటీ గురించి కలిపే అడుగుతారు. తేదీ, పాఠం, మొదటి ఓటు, రెండో ఓటు ఉన్న కాగితాలు ఒక ఫైల్‌లో పెట్టండి. నవ్వుతూ ఫోన్లు పట్టుకున్న పిల్లల ఫోటో కంటే ఆ ఫైల్ నయం.

సిలబస్ పూర్తి చేసుకుని ఊరుకోవడం కూడా ఒక దారే. గంట లెక్కన జీతం తీసుకునే మనిషి అలా అనుకుంటే తప్పుపట్టేదేమీ లేదు. ఒక ప్రశ్న, వాదన, రెండో ఓటు కలిపి ఏడెనిమిది నిమిషాలు తింటాయి. ప్రతి క్లాసులో పెడితే యూనిట్లు మిగిలిపోతాయి. వారానికి ఒకటైతే, పరీక్షల్లో ఎక్కువమంది తప్పు రాసే చోట్లు చూసి అక్కడే పెడితే, మళ్ళీ చెప్పే టైమ్ కలిసొస్తుంది. మీరు మానేయాలనుకుంటే ఈ సెమిస్టర్‌కు మానేయండి, కొత్తగా వచ్చే ఫస్ట్ ఇయర్‌తో జూలైలో మొదలుపెట్టండి. వాళ్ళకు ఆ రోజు సంగతి తెలియదు, మీ క్లాసులో మాట్లాడకూడదన్న అలవాటు కూడా ఇంకా పడి ఉండదు.